ఎవరూ లెక్కలోకి తీసుకోని సాలన్

2022. మాస్కులు ముఖాల మీద నుంచి గడ్డాల కిందికి జారిపోయిన రోజులు. నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లో ఒక చిన్న నర్సింగ్ హోమ్ రెండో అంతస్తులో నా గది. ఇప్పటికీ అదే గది. లిఫ్ట్ పనిచేసిన రోజుల కంటే పనిచేయని రోజులే ఎక్కువ. కింద నా బోర్డును పక్క లాడ్జి వాళ్ళ ఫ్లెక్సీ సగం మింగేసింది. దాని గురించి నేను అర్జీ పెట్టని అధికారి లేడు. ఫ్లెక్సీ అక్కడే ఉంది. నేనూ ఇక్కడే ఉన్నాను.

నేను అలర్జీ డాక్టర్ని. ఈ గదికి రాకముందు నగరంలో ఒక పెద్ద ఆసుపత్రిలో చాలా ఏళ్ళు పనిచేశాను. అక్కడ నాకిచ్చింది విరిగిన కుర్చీలు పడేసే గది. కుర్చీలు తీయకుండానే ఇచ్చారు. వెనక నన్ను "దద్దుర్ల మేడమ్" అనేవారు. ఒకసారి మీటింగులో ఆ ఆసుపత్రి పెద్ద డాక్టరు, మేమంతా పెద్దాయన అనేవాళ్ళం, అందరి ముందూ, "చేతి మీద చుక్కలు పెట్టి సూదితో గుచ్చడానికి ఒక డిపార్ట్‌మెంట్ కావాలా?" అన్నారు. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. ఆ నెలలోనే రాజీనామా చేసి మెట్లు దిగాను.

ఈ పాత సంగతులు ఎందుకు చెబుతున్నానంటే, రేణుక ఆ పెద్దాయన దగ్గర నుంచే నా దగ్గరికి వచ్చింది.

ఖైరతాబాద్ వినాయకుడు హుస్సేన్ సాగర్‌లో కలిసిన మరునాడు వచ్చింది. ముప్పై దగ్గర పడుతున్న మనిషి. సొంతూరు జనగామ వైపు. భర్త గౌలిగూడలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో సామాను ఎక్కించే పని చూస్తాడు, అక్కడే కిరాయికి ఉంటున్నారు. ఆమె ఆబిడ్స్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్ కౌంటర్ మీద నిలబడుతుంది. వెంట అత్త లచ్చమ్మ వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం తీరకముందే లచ్చమ్మ అంది: "గింత పైన వెట్టుకుంటే రోగమొచ్చినోళ్ళు ఎట్ల ఎక్కుతరు డాక్టరమ్మా?"

ఈ ప్రశ్న నేను మేనేజర్‌ను చాలాసార్లు అడిగాను. అందుకే ఆమె మీద నాకు కొంచెం గౌరవం కలిగింది.

రేణుకను ఏమైందని అడిగాను.

"రెండుసార్లు పడిపోయిన మేడమ్. ముందుగాల ఊర్ల, పోయినేడు సద్దుల బతుకమ్మ నాడు. తర్వాత ఎండకాలంల దుకాణంల, పెళ్ళిళ్ళ సీజన్ నడుస్తుండె. అరచేతులు దురద వెట్టినయి. మూతి ఉబ్బింది. గొంతుల ఏదో అడ్డం వడ్డట్టయింది. కడుపుల మెలివెట్టింది. నిలవడ్డదాన్ని నిలవడ్డట్టే కూలవడ్డ."

ఈ వరసను మేము ఎనఫిలాక్సిస్ అంటాం. ఒంటికి పడని పదార్థం లోపలికి వెళ్ళగానే చర్మం, గొంతు, కడుపు, రక్తపోటు అన్నీ ఒకేసారి తిరగబడటం. సమయానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ పడకపోతే మనిషి దక్కకపోవచ్చు. పాఠ్యపుస్తకంలో ఉన్నట్టే చెప్పింది. ఆమె చేతిలోని ఆసుపత్రి ఫైలు తెరిస్తే మాత్రం "యాంగ్జైటీ" అని రాసి ఉంది. అంటే ఆందోళన. నిద్రమాత్రలు రాసిచ్చారు.

"దుకాణంలో ఏమంటున్నారు?"

"డ్రామా అంటున్రు. దసరా గిరాకిల మళ్ళ పడ్డవనుకో, ఇంటికాడనే ఉండు అన్నడు మా సూపర్‌వైజర్. దవాఖాన కాయితం గూడ జూసిండు. ఇగ దుకాణంల అందరు నన్ను మెంటల్ అనవట్టిరి."

లచ్చమ్మకు వేరే లెక్క ఉంది. "ఈమెకు పూలు వడ్తలేవు. గునుగు పువ్వు గాలికి గూడ గిట్లనే అయితది. ఈయేడు బతుకమ్మను ముట్టనియ్య."

"మరి దుకాణంలో ఎవరు పేర్చారు బతుకమ్మను?"

"గాడ కొత్త చీరల రంగు వాసన వడ్డదేమో."

ఆసుపత్రి వాళ్ళ లెక్క ఇంకొకటి. వాళ్ళు చేసిన స్కిన్ ప్రిక్ టెస్ట్ నెగెటివ్ వచ్చింది. పైగా ఎండాకాలంలో బిర్యానీ తిని పడిపోయిన మనిషే, ఆషాఢం సేల్ రోజుల్లో అదే హోటల్ బిర్యానీ తిని సాయంత్రం దాకా చీరలు మడతపెట్టింది. పెద్దాయన ఆమెతో అన్నారట: "తిండి రోజుకో తీరుగ మారదమ్మా, నీ మనసే మారుతోంది."

నేను ఆయనకు ఫోన్ చేశాను. ఇష్టమై కాదు, పేషెంట్ కోసం.

"ఓ, మీరా. ఇంకా సూదులు గుచ్చుతూనే ఉన్నారా?" అన్నారు. తర్వాత, "టెస్ట్ నెగెటివ్. ఇంకేం కావాలి మీకు?"

నాకు కావలసింది ఆమె తిన్న ప్రతి ముద్ద వివరం. ఫుడ్ అలర్జీలో మొదటి పరీక్ష సూది కాదు, ప్రశ్న. ఏది తిన్నారు, ఎంత తిన్నారు, తిన్నాక ఎంతసేపటికి మొదలైంది, అదే పదార్థం మిగతా రోజుల్లో తింటే ఏమవుతోంది. ఇవి తెలియకుండా సూది గుచ్చడం చీకట్లో రాయి విసరడమే.

"దుకాణంలో ఆ రోజు ఏం తిన్నావు?"

"బిర్యానీ."

"ఇంకా?"

"ఇంకేం లేదు మేడమ్. బిర్యానీయే."

ఎన్ని రకాలుగా అడిగినా అదే జవాబు. చివరికి నాకే విసుగొచ్చి, "ఈ బల్ల మీద నీ పార్సిల్ ఉందనుకో. విప్పు. ఎలా తిన్నావో చేసి చూపించు," అన్నాను.

ఆమె సిగ్గుపడుతూ అత్త వైపు చూసింది. "జెయ్యి, డాక్టరమ్మ గంత అడుగుతుంటే," అంది లచ్చమ్మ. రేణుక లేని రబ్బరు బ్యాండు తీసింది, లేని కాగితం విప్పింది. పక్క నుంచి ఏదో చిన్నది తీసి, మూల పంటితో కొరికి, అన్నం మీద పిండింది.

"ఆగు. అదేంటి?"

"సాలన్ పొట్లం."

"సాలన్ తిన్నానని చెప్పలేదేం?"

"అది తినుడేంది మేడమ్, కలుపుకునుడు గదా."

హైదరాబాదులో పుట్టి పెరిగిన వాళ్ళయినా ఇంతే. ఏం తిన్నావంటే బిర్యానీ అంటారు. దాని మీద పోసుకునే పులుసు, ఈ సాలన్, ఎవరి లెక్కలోకీ రాదు. పెద్దాయన ఆ ప్రశ్న అడగలేదు. నేనూ నాలుగో సారికి గాని పట్టుకోలేదు.

"మరి ఆషాఢం సేల్ రోజు కూడా సాలన్ కలుపుకున్నావా?"

రేణుక ముఖం మారింది. "ఆ నాడు యాడిది? పొట్లాలు తక్కువొచ్చినయి. జెంట్స్ కౌంటరోళ్ళే ముందుగాల ఏరుకున్నరు. లేడీస్‌కు ఒక్కటి మిగల్చలే. పొద్దటి సంది మేము నిలవడ్డం, వాళ్ళు కూసున్నరు, సాలనేమో వాళ్ళకే. పెరుగు చట్నీ ఏసుకొని తిన్నం. నేను ఆనాడే సూపర్‌వైజర్‌తోని లొల్లి వెట్టుకున్న."

ఆ కోపం ఆమెకు అంత స్పష్టంగా గుర్తుండబట్టే నాకు దారి దొరికింది. అయిందేదో అయింది, మర్చిపొమ్మని నాకు హితవు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. సాలన్ పొట్లం దగ్గర జరిగిన అన్యాయాన్ని రేణుక ఆ వేళే మర్చిపోయి ఉంటే, ఆమె ఇంకో దావత్‌లో ఇంకో పొట్లం పిండుకుని ఉండేది.

సాలన్‌లో పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి నూరి వేస్తారు. "లచ్చమ్మక్కా, సద్దుల నాడు ఏమేం కలిపారు?" అని అడిగాను. ఆమె వేళ్ళు మడుస్తూ చెప్పింది: "చింతపండు పులిగూర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, పల్లి సద్ది, కొబ్బరి సద్ది." బతుకమ్మను నీళ్ళలో వదిలాక చెరువు గట్టు మీద అందరూ పంచుకు తినే అన్నాలవి. రేణుక కూలిపోయింది పూలు కోసినప్పుడు కాదు, పేర్చినప్పుడు కాదు, ఆడినప్పుడు కాదు. సద్ది తిన్న తర్వాత. ఆ మూడే అక్కడా ఉన్నాయి.

కొబ్బరి చట్నీ వారానికోసారైనా తింటుంది కాబట్టి కొబ్బరిని వదిలేశాను. పల్లీలను మాత్రం మొదటిసారి పడిపోయాక ఊళ్ళో ఆరెంపీ డాక్టరు మాన్పించాడు, పైత్యమని. అప్పటి నుంచి తెలిసి ముట్టలేదు. ఇక ఇద్దరే అనుమానితులు, నువ్వులు, పల్లీలు.

జలుబు మాత్రలు ఏవీ వేసుకోవద్దని చెప్పి వారం తర్వాత రమ్మన్నాను. ఆ మాత్రల్లో ఉండే మందు చర్మాన్ని నిద్రపుచ్చుతుంది, టెస్ట్ తప్పు చెబుతుంది. స్కిన్ ప్రిక్ టెస్ట్ అంటే పెద్ద విద్యేమీ కాదు. ముంజేతి మీద పదార్థాల ద్రావణాలు ఒక్కో చుక్క పెడతాం. ప్రతి చుక్కలోంచి చర్మాన్ని సన్నటి మొనతో తాకిస్తాం. పక్కన ఉప్పునీటి చుక్క ఒకటి, అది పొంగకూడదు. దద్దురు లేపే హిస్టమిన్ చుక్క ఒకటి, అది పొంగాలి. ఆ రెండూ సరిగ్గా ఉంటేనే మిగతావి నమ్మాలి. కాసేపు ఆగి, దోమ కుట్టినట్టు లేచిన పొంగును కొలుస్తాం.

హిస్టమిన్ పొంగింది. పల్లీల దగ్గర చిన్న బుడిపె లేచింది. నువ్వుల దగ్గర ఏమీ లేదు.

లచ్చమ్మ ఆ చేతిని చాలాసేపు చూసింది. "గీ ముచ్చటకేనా గన్ని మెట్లెక్కిచ్చింది? గా పెద్ద దవాఖానల గూడ గిట్లనే గుచ్చిన్రు." మళ్ళీ గోడ మీది సిలువ వైపు చూసి, "మీరు కిరస్తానోళ్ళు గదా డాక్టరమ్మా, సద్దుల సంగతి మీకేమెరుక," అంది.

మా తాతగారి కాలం నుంచి మాది మెదక్ చర్చి. నా చిన్నప్పుడు పక్కింటి వాళ్ళు గిన్నె నిండా సద్దులు పంపేవారు, మా అమ్మ క్రిస్మస్‌కు కేకు పంపేది. అదంతా ఆమెకు చెప్పలేదు. మాట మాత్రం మనసులో పెట్టుకున్నాను.

"రేపు నువ్వులు, పల్లీలు తీసుకురా. సద్దికి ఎలా వేయిస్తావో అలాగే వేయించు, అలాగే దంచు. వేరు వేరుగా. ముందు పల్లీలు దంచి, రోలు బాగా కడిగి, తర్వాత నువ్వులు."

"దవాఖానకు నువ్వులు దెచ్చుడేంది?"

"తేకపోతే మీ కోడలు మెంటల్ అనే రాత అలాగే ఉంటుంది. నీ ఇష్టం."

సీసాల్లో వచ్చే ద్రావణాన్ని నీటితో తీస్తారు. నువ్వుల్లో కొన్ని ప్రోటీన్లు నూనెనే అంటిపెట్టుకుని ఉంటాయి, అవి ఆ నీటిలోకి రావు. కాబట్టి నువ్వులు పడని మనిషికి కూడా సీసా టెస్ట్ నెగెటివ్ రావచ్చు. అలాంటప్పుడు అసలు పదార్థాన్నే తెచ్చి, మొనను ముందు దానిలో గుచ్చి తర్వాత చర్మానికి తాకించాలి. దీన్ని ప్రిక్ టు ప్రిక్ అంటారు. ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు, పుస్తకాల్లో ఉన్నదే. చేయడానికి ఓపిక కావాలి, పేషెంట్ మాట నిజమై ఉండవచ్చునన్న అనుమానం కావాలి.

మరునాడు లచ్చమ్మ రెండు స్టీలు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. "రోలు రెండు సార్లు గడిగిన," అంది, అడక్కముందే. నర్సు అడ్రినలిన్ సిరంజిలోకి ఎక్కించి పక్కన పెట్టుకుంది. రేణుక చేతి మీద నువ్వుల పొడి తాకించాను.

ఎక్కువసేపు ఆగాల్సిన పని లేకపోయింది. తెల్లగా, అంచులు వంకరలు తిరుగుతూ, చిక్కుడు గింజంత పొంగు లేచింది. చుట్టూ ఎర్రగా పాకింది. రేణుక గోక్కోబోతే చేయి పట్టుకున్నాను. లచ్చమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పూలు గావా డాక్టరమ్మా?"

"కావు."

"నేనే కలిపి వెట్టిన. నా చేత్తోనే వెట్టిన."

"నీకు తెలియదు కదా," అన్నాను. ఎవరినైనా తిట్టాలంటే నా దగ్గర మంచి పేర్లు వేరే ఉన్నాయి, లచ్చమ్మ పేరు అందులో లేదు.

తర్వాత పంపిన రక్తపరీక్షలో కూడా నువ్వులకు ఐజీఈ కనిపించింది. ఐజీఈ అంటే అలర్జీని రేపే యాంటీబాడీ. నువ్వుల సంగతి తేలిపోయింది, వాటిని తినిపించి చూసే అవసరం గాని, ధైర్యం గాని నాకు లేవు. మిగిలింది పల్లీల బుడిపె.

చాలామంది డాక్టర్లు ఇక్కడ సులువైన దారి పడతారు. పల్లీలు కూడా మానెయ్ అని ఒక మాట రాసేస్తారు. రాసినవాళ్ళకు పోయేదేమీ లేదు. పల్లి చట్నీ, పల్లి కారం, కూరల్లో పల్లి పొడి లేకుండా తెలంగాణ ఇంట్లో ఒక పూట గడుపుకోవాల్సింది వాళ్ళు కాదు. చర్మం మీద బుడిపె లేచినంత మాత్రాన అది అలర్జీ కాదు. బుడిపె లేచినా రోజూ హాయిగా తినేవాళ్ళు బోలెడంత మంది. తేల్చడానికి ఒకటే మార్గం, ఓరల్ ఫుడ్ చాలెంజ్. డాక్టర్ కళ్ళ ముందు, మందులన్నీ సిద్ధంగా పెట్టుకుని, ఆ పదార్థాన్నే రవ్వంతతో మొదలుపెట్టి పెంచుతూ తినిపించడం.

నర్సింగ్ హోమ్ మేనేజర్ అడ్డం తిరిగాడు. "మేడమ్, పడదేమో అన్న తిండి తీస్కొచ్చి మన బిల్డింగ్‌ల తినిపిచ్చుడేంది? ఏమన్న అయితే పేపర్ల వస్తది."

"ఇక్కడ తినకపోతే ఎప్పుడో ఒకనాడు సిటీ బస్సులో తింటుంది. అక్కడ ఇంజెక్షన్ నువ్విస్తావా?"

"గట్ల గాదు మేడమ్, జర సమజ్ చేస్కోండ్రి."

"ఐసీయూ పక్క మంచం కావాలి. ఇవ్వనంటే ఆ మాట కాగితం మీద రాసివ్వు."

నా అనుభవంలో కాగితం మీద రాసివ్వమంటే ఎవరూ రాయరు. మంచం ఇచ్చాడు.

మొదట పల్లి పలుకు కొసంత. నాడి, రక్తపోటు, పెదవులు, చర్మం చూశాం. ఆగాం. తర్వాత పావు గింజ. తర్వాత సగం. ఒక గింజ పూర్తిగా తిన్నాక రేణుక మంచం అంచు పట్టుకుంది.

"మేడమ్, గొంతుల ఏదో అయితున్నది."

నర్సు సిరంజి వైపు చేయి చాపింది. నోరు తెరిపించి చూశాను, వాపు లేదు. ఊపిరి స్పష్టంగా ఉంది. ఒంటి మీద ఒక్క దద్దురు లేదు. గుండె మాత్రం వేగంగా కొట్టుకుంటోంది. ఆమె నన్నే చూస్తోంది. నేను గనక ఇప్పుడు "అంతా నీ భయం" అన్నానంటే నాకూ ఆ పెద్దాయనకూ తేడా ఉండదు.

"భయమేస్తోందా?"

"ఔ."

"వెయ్యాలి. రెండుసార్లు చావు దాకా పోయొచ్చినదానివి. భయపడకపోతేనే నాకు అనుమానం వచ్చేది. ఇద్దరం కూర్చుని చూద్దాం."

చూశాం. గొంతు సర్దుకుంది. మనిషికి భయం ఉండటం వేరు, భయమే జబ్బు కావడం వేరు. ఆ తేడా చెప్పేది ఎదురుగా కూర్చుని చూసే ఓపిక, అంతే. తర్వాత రెండు గింజలు, తర్వాత అయిదు, చివరికి గుప్పెడు. సాయంత్రం దాకా మంచం మీదే ఉంచాను. ఏమీ కాలేదు. లచ్చమ్మ ఊరికే కూర్చోలేక ఆ పూట వేయించి తెచ్చిన డబ్బాలో మిగిలిన పల్లీలన్నీ తానే తినేసింది.

అడ్రినలిన్ ఎప్పుడూ వెంట పెట్టుకోమన్నాను. వేరే దేశాల్లో తొడకు గుచ్చుకునే పెన్నులు దొరుకుతాయి. మన దగ్గర మామూలు మనిషికి అవి అందవు. ఎందుకు అందవని నేను అడుగుతూనే ఉన్నాను. అప్పటిదాకా మందున్న చిన్న గాజు యాంప్యూల్, సిరంజి, చిన్న సంచి. బత్తాయి పండు మీద ఇద్దరి చేతా గుచ్చించి నేర్పాను. లచ్చమ్మ కోడలి కంటే బాగా గుచ్చింది.

ఆసుపత్రికి ఉత్తరం రాశాను. ఫైల్లో "యాంగ్జైటీ" కొట్టేసి "నువ్వుల అలర్జీ, ఎనఫిలాక్సిస్" అని రాయాలని, చేతి ఫొటో జతచేసి పంపాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. కాపీ రేణుకకిచ్చి, "నువ్వు కూడా అడుగు. అడగటం మానకు," అన్నాను. చివరికి పెద్దాయన ఆఫీసు నుంచి ఒక మెయిల్ వచ్చింది. పరిశీలించామని ఒక ముక్క. ఆ మాట కొట్టేశారో లేదో చెప్పలేదు. నేను ఇంకా రాస్తూనే ఉన్నాను.

సద్దుల బతుకమ్మ అయిన మరునాడు లచ్చమ్మ ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా.

"నిన్న దుకాణంల అందరికి బిర్యానీ దెప్పిచ్చిన్రట. సూపర్‌వైజర్ ఒక సాలన్ పొట్లం తీసి ఈమె ముందట వెట్టి, తిను, మళ్ళ డ్రామా జేస్తవో ఏమో చూస్తం అన్నడట."

"రేణుక ఏమంది?"

"ఇంజెక్షన్ సంచి తీసి కౌంటర్ మీద వెట్టిందట. సారూ, గది తింటే నేను పడ్త, గిది నువ్వే గుచ్చాలె, వస్తదా మరి అన్నదట. గాయన పొట్లం తీసేసి అటే పోయిండట. ఈమె నేను గట్టిచ్చిన పల్లి సద్ది విప్పుకొని ఆ కౌంటర్ కాడనే కూసొని తిన్నదట. లేడీస్ కౌంటర్ కాడ కూసోవద్దట గద, అయినా కూసున్నది."

"ఊళ్ళో బతుకమ్మ పేర్చిందా?"

"నిన్న మాపటికే అందరం ఊరికి వోయినం. ఊర్లందరి కంటే పెద్దది పేర్చింది. గునుగు పువ్వంత ఆమెతోనే ఏరిచ్చిన. నువ్వుల సద్ది ఈయేడు గట్టనే లేదు. మా వాడ ఆడోళ్ళు నోరు నొక్కుకున్నరు. అమ్మవారేమనలే, మీకేమాయె అన్న."

డబ్బా నా ముందుకు జరిపింది. "పల్లి సద్ది. మీరు కిరస్తానోళ్ళైనా తినాలె."

ఆ మాట మొదటిసారి ఎలా అందో నాకు గుర్తే ఉంది. ఇప్పుడెలా అందో కూడా గుర్తు పెట్టుకున్నాను.

ఈ కేసు నాకు నేర్పింది ఇదే. ఏం తిన్నావని అడిగితే మనుషులు పేరున్న తిండి గురించే చెబుతారు. ఎలా తిన్నావో చూపించమంటేనే చేతులు నిజం చెబుతాయి. టెస్ట్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన పేషెంట్ మాట అబద్ధం కాదు, పాజిటివ్ వచ్చినంత మాత్రాన తిండి శత్రువు కాదు. అప్పటి నుంచి నా గదిలో బల్ల మీద ఒక ఖాళీ స్టీలు పళ్ళెం ఉంటుంది. వచ్చిన ప్రతివాళ్ళ చేతా ఆ పళ్ళెంలో లేని అన్నం కలిపిస్తాను. కొందరు నవ్వుతారు. ఎవరెవరు నవ్వారో అదీ గుర్తుంటుంది.

ఆ రోజు లచ్చమ్మను కూడా వదల్లేదు. డబ్బా మూత తీసి, పళ్ళెం ఆమె ముందుకు జరిపి అన్నాను: "ఇది ఎట్లా కలిపావో, మొదటి నుంచి చేసి చూపించు."